సంతకం కంటే ముందు వకాలత్

అడిగిన ప్రశ్న (పేర్లు, నంబర్లు తీసేసి ఇస్తున్నాను): "మా తమ్ముడు ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాడు. కాలేజీ వాళ్లు స్టేటస్ రద్దు చేశారట. అయిదు రోజుల క్రితం ఐస్ వాళ్లు (అక్కడి వలస చట్టం అమలు చేసే పోలీసులు) తీసుకెళ్లారు. ఏదో కాగితం మీద సంతకం పెడితే త్వరగా ఇండియా పంపేస్తామంటున్నారట. పెట్టమనాలా? అక్కడ ప్రభుత్వమే లాయర్ని ఇస్తుందా? మేం వైజాగ్‌లో ఉన్నాం, ఇక్కడి నుంచి ఏం చెయ్యగలం?"

అమ్మా, ఈ రాత్రి తమ్ముడు ఫోన్ చేస్తే ఒక్క ముక్క చెప్పండి: లాయర్‌తో మాట్లాడేదాకా దేనిమీదా సంతకం పెట్టొద్దని. మిగతాది ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను లాయర్ని కాను. ఇక్కడ జిల్లా కోర్టులో ఇరవయ్యారేళ్లుగా ప్లీడరు గుమస్తాని. 2019 నవంబరులో మా పెద్దక్క కొడుకుని అక్కడ పట్టుకున్నారు. కారు వెనక లైటు వెలగడం లేదని పోలీసులు ఆపి, వేలిముద్రలు చూసి, ఐస్‌కి అప్పజెప్పారు. వీడిదీ మీ తమ్ముడి కథే. ఫీజు కట్టలేక సబ్జెక్టులు తగ్గించుకున్నాడు, కాలేజీ వాడు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అక్కడి ప్రభుత్వ జాబితా) రికార్డు కొట్టేశాడు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్కావాళ్లు ఉండేది గాజువాక. కబురు తెలియగానే "కోర్టు గొడవే కదా, తమ్ముడు చూసుకుంటాడు" అని అక్క బావగారికి ధైర్యం చెప్పిందట. నాకూ అదే ధీమా. తీరా చూస్తే మొదటి రెండు రోజులూ నాకు తెలిసిన కోర్టు విద్యే నన్ను పక్కదారి పట్టించింది.

ఏ సెక్షన్ కింద కట్టారు, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టారా, రిమాండ్ ఎన్నాళ్లు అని వాడి రూమ్మేటుని ఊపిరాడనివ్వకుండా అడిగాను. ఇవేవీ అక్కడ చెల్లవు. దేశం నుంచి పంపించే కేసు వాళ్ల లెక్కలో క్రిమినల్ కాదు, సివిల్. జైలు మాత్రం నిజం జైలే. కౌంటీ జైళ్లలో మంచాలు అద్దెకు తీసుకుని అందులో పెడతారు. సివిల్ కాబట్టే మీ రెండో ప్రశ్నకి జవాబు "ఇవ్వరు". ఇక్కడైతే 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. జైలు నుంచి ఒక దరఖాస్తు వస్తే మా కోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఎవరో ఒకర్ని నియమిస్తుంది. అక్కడి చట్టంలో లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది, "ప్రభుత్వానికి ఖర్చు లేకుండా" అన్న మెలికతో. అవతల ప్రభుత్వం తరఫున మాత్రం జీతం తీసుకునే లాయరు నిలబడతాడు. దుబాసీని ఇస్తారు, తెలుగు దుబాసీ అయినా సరే, ఆ ఖర్చు కోర్టుదే. నీ మాట ఇంగ్లీషులోకి మారుస్తారుగానీ, ఏ మాట మాట్లాడాలో చెప్పేవాణ్ని నువ్వే తెచ్చుకోవాలి.

2007 నుంచి 2012 దాకా నడిచిన కేసులన్నీ తవ్వి చేసిన ఒక పెద్ద అధ్యయనంలో, డిటెన్షన్‌లో ఉన్నవాళ్లలో లాయరు దొరికింది 14 శాతానికేనని తేలింది. బయట ఉన్నవాళ్లనీ కలిపితే 37 శాతం. న్యూయార్క్ నగరం 2013లో తన సొంత డబ్బుతో ఇలాంటివాళ్లకి లాయర్లని ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. అయితే మనవాళ్లు ఏ ఊళ్లో చిక్కుకుంటారో మన చేతిలో ఉండదుగా.

ఇక ఆ కాగితం సంగతి. మావాడిక్కూడా రెండో రోజే ఒకటిచ్చారు. అక్కేమో "పెట్టెయ్యమను నాన్నా, బిడ్డ ఇంటికొస్తే చాలు" అని ఒకటే ఏడుపు. తల్లి మాట అలాగే ఉంటుంది, తప్పు పట్టను. కానీ ఇరవయ్యారేళ్లలో చదవకుండా సంతకం పెట్టి నట్టేట మునిగినవాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు. కాగితం పైన ఏం రాసుందో అక్షరం అక్షరం చదవమన్నాను. స్టిప్యులేటెడ్ రిమూవల్ అని ఉంది. అంటే నాకు విచారణ అక్కర్లేదు, జడ్జి నన్ను పంపేస్తూ ఆర్డరు వెయ్యొచ్చు అని ఒప్పేసుకోవడం. అలా రిమూవల్ ఆర్డరు పడితే సాధారణంగా పదేళ్లు ఆ దేశంలో అడుగుపెట్టడానికి లేదు. అలాకాక జడ్జి దగ్గర వాలంటరీ డిపార్చర్ అడిగి, సొంత ఖర్చుతో వెళ్లిపోతే ఆ ఆర్డరు పడదు. కేసు మొదట్లోనే అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అడిగితే 60 రోజుల దాకా గడువిస్తారు. అదే విమానం, చేరేదీ అదే ఇల్లు, కానీ పాతికేళ్ల కుర్రాడికి ఆ రెంటి మధ్య తేడా పదేళ్లు. గడువు దాటాక కూడా అక్కడే ఉంటే మాత్రం జరిమానాతోపాటు పదేళ్లపాటు చాలా దారులు మూసుకుపోతాయి కాబట్టి అదీ ఆటకాదు.

2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి కాలేజీ వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి విడతలో పట్టుకున్న 130 మందిలో 129 మంది మనదేశం వాళ్లే, వాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. తర్వాత ఆ సంఖ్య 250 దాకా పోయింది. వాళ్లలో నూటికి ఎనభై మంది వాలంటరీ డిపార్చర్ మీదే వచ్చేశారు. అప్పట్లో మన రాయబార కార్యాలయం రాత్రింబగళ్లు హెల్ప్‌లైన్ పెట్టింది, తెలుగు సంఘాలు లాయర్లని కూడగట్టాయి. మావాడి కేసు దాంతో సంబంధం లేనిదే అయినా, ఆ కుర్రాళ్ల అనుభవాలు అడిగి తెలుసుకున్నందువల్లే ఆ కాగితం వాసన పట్టగలిగాను.

లాయర్ని వెతకడం దగ్గర నేను రెండు తప్పటడుగులు వేశాను. మొదటిది ద్వారకానగర్‌లో. వీసాలు చూసే ఒక కన్సల్టెన్సీ వాడు "మాకు అక్కడ లాయరున్నాడు సార్, రెండు లక్షలిస్తే వారంలో బయటికి తెస్తాడు" అన్నాడు. ఆ లాయరు ఏ రాష్ట్రంలో ఎన్‌రోల్ అయ్యాడు, బార్ నంబరెంత అనడిగాను. టీ తెప్పించాడు. మళ్లీ అడిగాను. సాయంత్రం వాట్సాప్ చేస్తానన్నాడు, ఈ రోజుకీ చెయ్యలేదు. మీరూ ఆ నంబరడిగి, ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఇమిగ్రేషన్ చట్టం కేంద్రానిది కనుక అమెరికాలో ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్నా ఏ ఇమిగ్రేషన్ కోర్టులోనైనా వాదించవచ్చు. కాకపోతే జైలుకి దగ్గర్లో ఉండేవాళ్లు మేలు. వెళ్లి మనిషిని కలుస్తారు, ఆ జడ్జి తీరు తెలిసి ఉంటుంది.

రెండోది మా బంధువు ఒకాయన చెప్పిన లాయరు. ఆయన హెచ్-1బి పనుల్లో ఘనుడు. "ఇది నా పని కాదు, రిమూవల్ డిఫెన్స్ చేసేవాళ్లని పట్టుకోండి" అని నిజాయితీగా చెప్పాడు. అడ్వాన్సు పుచ్చుకుని అప్పుడు చెప్పేవాళ్లూ ఉంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజులు రాసేవాణ్ని సెషన్స్ కోర్టులో నిలబెడతామా? అమెరికన్ ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం వెబ్‌సైట్లో ఫలానా పని చేసేవాళ్లని విడిగా వెతకొచ్చు. మీ తమ్ముడికి కోర్టు నోటీసుతో పాటు తక్కువ ఫీజుకో ఉచితంగానో చూసే సంస్థల జాబితా కూడా ఇస్తారు. దాన్ని పారెయ్యొద్దని చెప్పండి. మొదటి వాయిదాకి లాయరు కుదరకపోతే వెతుక్కోవడానికి టైం కావాలని జడ్జిని అడగవచ్చు. చాలామంది భయపడి ఆ మాట కూడా అడగరు.

చివరికి దొరికినావిడ గట్టిమనిషి. వకాలత్ లాంటి ఫారాలు అక్కడ రెండుంటాయి: కోర్టులో వేసేది ఇ-28, ఐస్ వాళ్లకిచ్చేది జి-28. ఈ రెండోది వెంటనే వేయించండి. అది పడితే అధికారులు లాయర్‌తో మాట్లాడక తప్పదు. ఇందులో ఒక కిటుకుంది, ఫీజు మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. బాండ్ విచారణ వరకే, అంటే డబ్బు కట్టి బయటికి రావడానికి అడిగే విచారణ వరకే, వకాలత్ వేసి, అసలు కేసుకి వెయ్యకుండా ఉండొచ్చు. మేం మొదట కుదుర్చుకున్నది బాండ్ వరకే, 2,500 డాలర్లు. అసలు కేసు వేరే లెక్క. ఆ సంగతి కాగితం మీద రాయించుకున్నాం కాబట్టి తర్వాత గొడవ రాలేదు. డబ్బు బ్యాంకులో ఎ-2 ఫారం (విదేశాలకి డబ్బు పంపే దరఖాస్తు) నింపి నేరుగా ఆవిడ ఖాతాకే పంపాం, మధ్యలో మనిషిని పెట్టలేదు.

బాండ్ అంటే మన బెయిలే అనుకుని ఇంటి పన్ను రసీదులు, జామీనుదార్లని సిద్ధం చేశాను, అదీ నా తెలివి. అక్కడ మొత్తం డబ్బు కట్టాలి. చట్టం ప్రకారం 1,500 డాలర్లకి తక్కువ ఉండదు, పైన ఎంతయినా వెయ్యొచ్చు. కట్టేవాళ్లు అక్కడ చట్టబద్ధంగా ఉన్నవాళ్లయి ఉండాలి. మావాడికి 6,000 వేశారు. బావగారి అన్న కొడుకు గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, అతను కట్టాడు. బాండ్ కంపెనీల ద్వారా కడితే వాళ్ల కమీషను తిరిగి రాదు. సొంతంగా కడితే కేసు ముగిశాక వెనక్కొస్తుంది. మాకు ఆర్నెల్లు పట్టింది, రసీదు పోగొట్టుకోని పుణ్యాన.

ఇంకో తేడా ఏమిటంటే, పారిపోనని, నావల్ల ఎవరికీ ప్రమాదం లేదని రుజువు చేసుకోవాల్సింది లోపలున్నవాడే. అందుకు ఇక్కడి నుంచి మనం పనికొస్తాం. డిగ్రీ మార్కులు, ఏయూలో ప్రొఫెసరు రాసిచ్చిన ఉత్తరం, బయటికొస్తే ఏ ఇంట్లో ఉంటాడో ఆ ఇంటివాళ్ల ఉత్తరం అన్నీ పంపాం. అక్క తెలుగులో రెండు పేజీలు రాసింది. దానికి ఇంగ్లీషు అనువాదం నేనే చేసి, నోటరీ దగ్గరికి వెళ్లి ప్రతి పేజీకీ స్టాంపులు, ఎర్ర సీలు వేయించి ఘనంగా పంపాను. లాయరావిడ ఫోన్లో నవ్వింది. ఈ సీళ్లు దేనికి, నాకు రెండు భాషలూ వచ్చు, ఉన్నదున్నట్టు అనువదించాను అని అనువాదకుడి సంతకంతో ఒక ముక్క చాలు, అది ఒక్కటే మీరు పెట్టలేదు అంది. మీరు ఆ ముక్క మర్చిపోకండి.

అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్ల సంగతి వేరు. 2025లో వాళ్లకి ఇమిగ్రేషన్ జడ్జి బాండ్ ఇవ్వడానికి అధికారమే లేదని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పిచ్చింది, దాంతో ఫెడరల్ కోర్టుల్లో హేబియస్ కార్పస్‌లు (అక్రమంగా నిర్బంధించారనే పిటిషన్లు) పడ్డాయి. మీ తమ్ముడు వీసా మీద విమానం దిగినవాడు. లాయర్‌తో ఆ మాట మొదటే చెప్పండి.

జైల్లో పక్కవాళ్లు రకరకాలుగా ఎక్కిస్తారు. ఆశ్రయం అడిగితే ఏళ్ల తరబడి ఉండిపోవచ్చని మావాడికి నూరిపోశారు. లాయరు "ఇండియాలో నీకు ఎవరంటే భయం?" అనడిగిందట. "మా నాన్నంటే" అన్నాడు వీడు. ఆవిడ ఫైలు మూసేసింది. నవ్వులాట కాదు, తెలిసీ అబద్ధపు ఆశ్రయం దరఖాస్తు పెట్టినట్లు తేలితే ఇక ఏ ఇమిగ్రేషన్ మేలూ శాశ్వతంగా దక్కదు. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లకి మాత్రం అదే దిక్కు. మావాడు 23 రోజులు లోపలుండి, బాండ్ మీద బయటికొచ్చి, వాలంటరీ డిపార్చర్ తీసుకుని 2020 ఫిబ్రవరిలో దిగాడు. బోర్డింగ్ పాసు ఇప్పటికీ అక్క బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. గడువులోపల వెళ్లిపోయాడని చూపడానికి అది కావాలి.

అక్కణ్నుంచి మనిషిని రాత్రికి రాత్రి వేరే రాష్ట్రానికి మార్చేస్తారు కాబట్టి రోజూ పొద్దున్నే ఐస్ వాళ్ల ఆన్‌లైన్ లొకేటర్లో ఎ-నంబరు (ఇమిగ్రేషన్ వాళ్లు మనిషికిచ్చే గుర్తింపు నంబరు), పుట్టిన దేశం కొట్టి చూసుకోండి. మనం జైలుకి ఫోన్ చేస్తే వాణ్ని పిలవరు, వాడే చెయ్యాలి. అది రికార్డవుతుంది, కేసు విషయాలు దాంట్లో మాట్లాడొద్దు. మన కాన్సులేట్‌కి కబురు చెయ్యమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం కింద అతనికుంది. మీరు ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చెయ్యండి. కాన్సులేట్ వాళ్లు వెళ్లి చూసొస్తారు, లాయర్ల పేర్లిస్తారు. వాళ్లొచ్చి కేసు వాదిస్తారని మాత్రం అనుకోకండి.

ఇంకొకటి. మీ ప్రశ్నలో తమ్ముడి పూర్తి పేరు, ఎ-నంబరు, మీ ఫోన్ నంబరు అన్నీ రాసేశారు. ముందు అవి తీసెయ్యండి. లేకపోతే రేపు పొద్దున్నకల్లా రెండు లక్షలవాళ్లు మీకు నలుగురైనా ఫోన్ చేస్తారు.