సీల్ విప్పని పాత బొమ్మ అని 26,000కి అమ్మారు, నకిలీదని తేలింది: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు, నా వయసు 37. చిన్నప్పుడు నాన్న కొనిపెట్టిన ఫన్‌స్కూల్ కంపెనీ జీఐ జో సైనికుడి బొమ్మలంటే ప్రాణం. ఇప్పుడు మళ్లీ ఒక్కొక్కటీ కొని పోగేస్తున్నాను, రెండేసి ఉన్నవి అమ్ముతుంటాను కూడా. పాత బొమ్మల వాట్సాప్ గ్రూపులో పరిచయమైన హైదరాబాద్ ఆయన దగ్గర రెండు నెలల క్రితం "1985 ఒరిజినల్, సీల్ విప్పలేదు, చాలా రేర్" అన్న బొమ్మ ఒకటి 26,000కి, ప్యాకింగ్ లేని లూజ్ బొమ్మలు ఆరు 18,000కి కొన్నాను. మొత్తం యూపీఐలోనే కట్టాను. లూజ్ వాటిలో ఒకటి పుణెలో ఒకాయనకు 5,500కి అమ్మితే, అది మామూలు బొమ్మకే వేరే రంగు వేసిందని తేల్చి డబ్బు అడుగుతున్నారు. అనుమానం వచ్చి సీల్డ్ బొమ్మను తెలిసినవాళ్లకు చూపిస్తే అదీ నకిలీయే అన్నారు. అమ్మినాయనేమో "నో రిటర్న్స్ అని ముందే రాశాను, కావాలంటే బొమ్మ పంపండి, చూసి చెబుతాను" అంటున్నాడు. అమెరికాలో ఇదే బొమ్మను 700 డాలర్లకు అమ్మకానికి పెట్టారు, ఆ లెక్కన నాకు 60,000 రావాలి. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా? పుణె ఆయన నా మీద కేసు పెట్టగలరా?

జవాబు: ముందు ఒక్క మాట, మిగతాది నిదానంగా చదవండి. ఆ బొమ్మను వెనక్కి పంపకండి. మీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం అదే. అది ఆయన చేతికి వెళ్లిపోయాక "నేను పంపింది ఇది కాదు, మీరే మార్చారు" అంటే మీరు చేయగలిగింది పెద్దగా ఉండదు. వస్తు విక్రయ చట్టం 1930లో సెక్షన్ 43 చూడండి. సరుకు తిరస్కరించే హక్కు ఉన్న కొనుగోలుదారు దాన్ని తానే వెనక్కి చేర్చాల్సిన పని లేదు, తీసుకోవడం లేదని తెలియజేస్తే చాలు. ఆ తెలియజేయడం మాత్రం ఆలస్యం చేయొద్దు. నకిలీ అని తెలిశాక కూడా చాలాకాలం ఊరికే ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు (సెక్షన్ 42), అప్పుడు సరుకు వద్దనే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి ఈ రోజే ఆయనకు మెసేజ్ పెట్టండి: "మీరు చెప్పిన వస్తువు ఇది కాదు, తిరస్కరిస్తున్నాను, డబ్బు తిరిగి ఇచ్చి మీ ఖర్చుతో తీసుకెళ్లండి." అంతే, ఎక్కువ రాయొద్దు.

ఇక అసలు విషయం. పాత బొమ్మల బేరంలో పేరు వేరు, ధర వేరు. "ఇది ఫలానా బొమ్మ, ఫలానా కాలంది, సీల్ విప్పలేదు" అనేది పేరు, అంటే వాస్తవం. నిజమో అబద్ధమో తేల్చొచ్చు. "చాలా రేర్, దీనికి 50,000 అయినా తక్కువే, రేపు రేటు ఇంకా పెరుగుతుంది" అనేది ధర గురించిన మాట, అది అమ్మేవాడి అభిప్రాయం. చట్టం మొదటి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రెండోదాన్ని దాదాపు వదిలేస్తుంది. వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని సెక్షన్ 15 షరతు. మీరు బొమ్మను చేతిలోకి తీసుకుని చూడకుండా ఆయన మాట, నాలుగు ఫొటోలు నమ్మి కొన్నారు, కాబట్టి ఆ సెక్షన్ మీకు సరిగ్గా వర్తిస్తుంది. మీ ఫిర్యాదులో "రేర్ అన్నాడు, మోసం చేశాడు" అని ఎక్కడా రాయకండి, కేసు పలచబడిపోతుంది. "1985", "ఒరిజినల్", "సీల్ విప్పలేదు", ఈ మూడు మాటల మీదే నిలబడండి.

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చాలాసేపు చూశాను. ముందుగా ఆ 1985 సంగతి. బొమ్మ వీపు మీద అచ్చులో పడిన ఆ సంవత్సరం ఆ శిల్పం మీద జీఐ జో అసలు కంపెనీ అయిన అమెరికా హాస్బ్రో కాపీరైట్ ఏడాది, తయారైన ఏడాది కాదు. ఫన్‌స్కూల్ సంస్థ మొదలైందే 1987లో. హాస్బ్రో పాత అచ్చులతోనే ఇక్కడ ఏళ్ల తరబడి బొమ్మలు పోశారు కాబట్టి 1990ల్లో తయారైన దాని మీద కూడా 1985 అనే ఉంటుంది. అంటే ఫన్‌స్కూల్ బొమ్మను పట్టుకుని "1985లో తయారైంది" అనడం మొదట్లోనే తప్పు. అయితే ఒక్కటి ఆలోచించండి, ఆయన నిజంగానే తెలియక ఆ అచ్చు చూసి చెప్పి ఉండొచ్చు. ఈ పొరపాటు చేసే కలెక్టర్లు బోలెడుమంది. హాట్ వీల్స్ కార్ల అడుగున ఉన్న సంవత్సరాన్ని చూసి కూడా ఇలాగే పొరబడతారు. కాబట్టి ఈ ఒక్క మాటతో మోసం రుజువు కాదు, వర్ణన తప్పని మాత్రం రుజువవుతుంది. డబ్బు వెనక్కి రావడానికి అది చాలు.

మోసం వాసన వచ్చేది కార్డు దగ్గర, అంటే బొమ్మను అతికించిన అట్ట దగ్గర. అట్ట అంచు దగ్గర తీసిన మూడో ఫొటోలో ప్లాస్టిక్ బుడగ అతికిన చోట రెండు గీతలు కనిపిస్తున్నాయి, ఒకటి పాత జిగురు ఊడిన మరక, దాని పక్కనే వెంట్రుక వాసి దూరంలో కొత్త జిగురు మెరుపు. ఫ్యాక్టరీలో అతికించింది ఒక్కసారే కదా. పైగా అట్ట ముందువైపు అచ్చును మీరు భూతద్దం పెట్టి తీసిన ఫొటోలో రంగు చుక్కలు చెల్లాచెదురుగా చల్లినట్టున్నాయి. ఆ రోజుల్లో అట్టలు ఆఫ్‌సెట్ మీద అచ్చయ్యేవి, ఆఫ్‌సెట్ చుక్కలు ముగ్గు పెట్టినట్టు ఒక వరసలో వస్తాయి. ఇలా చెదిరిన చుక్కలు ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్‌వి. కలెక్టర్లు రీకార్డ్ అనేది దీన్నే, ఎవరో వాడేసిన లూజ్ బొమ్మను కొత్తగా అచ్చేసిన అట్ట మీద పెట్టి సీల్డ్ అని అమ్మడం. ఇది తెలియక జరిగే పని కాదు. ఎవరో ఒకరు కూర్చుని చేశారు. అది మీకు అమ్మినాయనా, ఆయనకు అమ్మినవాడా అన్నది తేలాల్సిన విషయం.

కానీ నేను ఫొటోలు చూసి చెప్పింది కోర్టులో చెల్లదు, నేను లాయర్‌ని, బొమ్మల నిపుణుణ్ణి కాను. నిపుణుడి అభిప్రాయం గురించి భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో సెక్షన్ 39 ఉంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రలు అని ఉండేది, కొత్తదాంట్లో "మరే ఇతర రంగమైనా" అని చేర్చారు. నా దృష్టిలో మీలాంటి వాళ్లకు ఇది చాలా పనికొచ్చే మాట. ఇరవై ఏళ్లుగా ఈ బొమ్మలే సేకరిస్తున్న వ్యక్తి బొమ్మను చేతిలో పట్టుకుని చూసి, ఎందుకు నకిలీ అంటున్నారో కారణాలతో సహా రాసి సంతకం పెడితే దాన్ని నిపుణుడి అభిప్రాయంగా ముందుంచవచ్చు. ఒప్పుకుంటారా లేదా అన్నది ఆయన అనుభవాన్ని, చెప్పిన కారణాలను బట్టి ఉంటుంది. అమ్మినాయనతో గొడవలున్న కలెక్టర్‌ని మాత్రం అడగొద్దు.

"నో రిటర్న్స్" అని రాశాడు కదా అని మీరు భయపడుతున్నారు. మనసు మార్చుకుని వెనక్కి ఇస్తే తీసుకోననే దాకా ఆ మాట చెల్లుతుంది. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 62 ప్రకారం ఇద్దరూ ఒప్పుకుని కొన్ని షరతులు తీసేసుకోవచ్చు, నిజమే. అంతమాత్రాన ఒకటి చెప్పి ఇంకొకటి అంటగట్టడానికి అది లైసెన్స్ కాదు. తెలిసి అబద్ధం చెప్పి ఉంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద ఆ బేరాన్నే రద్దు చేసుకోవచ్చు.

వినియోగదారుల కోర్టు, అంటే వినియోగదారుల కమిషన్, గురించి అడిగారు. మీరు పంపిన, అమ్మినాయనతో మీ చాట్‌లో ఒక వాక్యం నన్ను ఆపేసింది. లూజ్ బొమ్మల బేరమాడేటప్పుడు "ఇవి రీసేల్‌కే అన్నా, కొంచెం తగ్గించండి" అన్నారు మీరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(7) తిరిగి అమ్మడానికి కొన్నవారిని వినియోగదారు కాదంటుంది. కాబట్టి ఆ ఆరు బొమ్మల 18,000 కోసం కమిషన్‌కు వెళ్తే అవతలి లాయర్ మొదటి రోజే ఆ వాక్యం చూపిస్తాడు. సీల్డ్ బొమ్మ సంగతి వేరు. "ఇది నా అల్మారాలోకే, అమ్మను" అని అదే చాట్‌లో రాశారు, అది మీకు రక్ష. ఏ ఉద్దేశంతో కొన్నారన్నది ఆయా కేసు వాస్తవాలను బట్టి తేలుతుందని 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే రెండు బేరాలనూ కలిపి ఒకే ఫిర్యాదు వేయకండి. 26,000 కోసం గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఫిర్యాదుదారు ఉండేచోట వేసే వీలుంది, హైదరాబాద్ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆయన "నేను వ్యాపారిని కాదు, నా సొంత బొమ్మ అమ్ముకున్నాను" అంటాడు చూడండి, ఇలాంటి కేసుల్లో ఖాయంగా వచ్చే వాదన అది. దానికి జవాబుగా గ్రూపులో గత ఏడాదిగా ఆయన పెట్టిన అమ్మకం పోస్టులన్నీ ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, రేపు తీసేస్తాడు.

లూజ్ బొమ్మలకు దారి సివిల్ దావా. మూడేళ్ల గడువు ఉంది. అక్కడ మీ "రీసేల్‌కే అన్నా" మాట తిరగబడి మీకే పనికొస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం, ఒప్పందం నాడు ఇద్దరికీ తెలిసిన నష్టాన్ని అడగొచ్చు. మీరు తిరిగి అమ్ముతారని ఆయనకు తెలుసు కాబట్టి పుణె అమ్మకం వెనక్కి పోవడం వల్ల మీకు వచ్చిన నష్టం కూడా అందులో అడగొచ్చు. కమిషన్‌లో మీ కాళ్లు కట్టేసే వాక్యమే సివిల్ కోర్టులో మీ సాక్ష్యం.

60,000 మాటకొస్తే, రాదండి. 700 డాలర్లకు ఎవరో పెట్టారంటే అది వాళ్ల ఆశ, ఎవరూ కొనకపోతే అది ధరే కాదు. విలువ చూపించాలంటే అదే బొమ్మ, అదే రకం అట్ట, అదే స్థితిలో నిజంగా అమ్ముడైన ధరలు కావాలి, నాలుగైదు ఉన్నా చాలు. తుపాకీ, బ్యాక్‌ప్యాక్ లాంటి చిన్న సరంజామా అసలుదా లేక రిప్రోనా (కొత్తగా చేసిన నకలా), అట్ట మూల నలిగిందా, లోపల నడుమును పట్టి ఉంచే రబ్బరు రింగు తెగిందా, వీటితో రేటు సగానికి సగం మారిపోతుందని నాకంటే మీకే బాగా తెలుసు. వస్తువు ఎవరి చేతుల్లోంచి ఎలా వచ్చిందో చూపించగలిగితే దాని విలువే వేరు. జీఐ జోను రూపొందించిన డాన్ లెవీన్ తన దగ్గరే ఉంచుకున్న 1963 నాటి మొదటి నమూనాను 2003లో 2 లక్షల డాలర్లకు కొన్నారు, అది ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానమే లేదు కాబట్టి. మీ బొమ్మకు అలాంటి చరిత్ర లేదు. కాబట్టి కట్టిన 26,000, దాని మీద వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు న్యాయంగా తోచిన కొంత మొత్తం అడగండి. లేనిపోని అంకె వేస్తే ఉన్న కేసు మీద కూడా నమ్మకం పోతుంది.

ఇక మీ టెన్షన్ అంతా పుణె ఆయన గురించే అని అర్థమైంది. మీరు నిజాయితీగానే అమ్మారు, అయినా "100 శాతం ఫ్యాక్టరీ రంగు" అని రాసి అమ్మారు. హైదరాబాద్ ఆయన మీద మీకున్న సెక్షన్ 15 హక్కే మీ మీద ఆయనకూ ఉంది. తెలియక చెప్పినా డబ్బు తిరిగివ్వాల్సిందే. క్రిమినల్ కేసు నిలబడదు, ఎందుకంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అనాలంటే అమ్మేనాటికే దురుద్దేశం ఉండాలి. ఈ రోజే 5,500 యూపీఐలో తిరిగి పంపి, "మొత్తం ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఆయనతో మెసేజ్ పెట్టించుకోండి, బొమ్మ వెనక్కి తెప్పించుకోండి, కొరియర్ రసీదు దాచండి. మిగిలిన ఐదింటిని మాత్రం ఎవరికీ అమ్మకండి. ఇప్పటిదాకా మీకు తెలియదు, ఇప్పుడు తెలుసు. తెలిసి అసలుదని ఇంకొకరికి అంటగడితే అదే సెక్షన్ 318(4), ఏడేళ్ల దాకా శిక్ష. నకిలీ అని చెప్పి తక్కువకి అమ్మేస్తానంటారేమో, దొంగ బ్రాండు అట్ట ఉన్న ఆ సీల్డ్ బొమ్మ విషయంలో అదీ కుదరదు, ట్రేడ్ మార్క్స్ చట్టంలో సెక్షన్ 104 ఉంది, ఆరు నెలల నుంచి మూడేళ్లు జైలు. అసలైన బొమ్మలు కొని అమ్ముకోవడానికి మాత్రం కంపెనీ అనుమతి అక్కర్లేదు, అదే చట్టంలో సెక్షన్ 30(3) ఆ హక్కు ఇస్తోంది, కాబట్టి మీ హాబీ మానుకోనక్కర్లేదు.

పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ నా సలహా, ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి. ఆ సరుకు ఎవరి దగ్గర కొన్నాడో చెప్పమని అందులో అడగండి. ఆయన కూడా మోసపోయినవాడైతే ఆ పేరు బయటికొస్తుంది, చెప్పకపోతే అది మీ ఫిర్యాదుకు బలం. ఈలోగా ఆయన ఫొటో, నంబరు గ్రూపులో పెట్టి దొంగ అని రాయకండి, పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, అవి వచ్చిన ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. చాట్‌ను కోర్టులో వేసేటప్పుడు సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేసే ధ్రువపత్రం) కావాలి, అది నోటీసు గడువు ముగిశాక తయారు చేసుకోవచ్చు. పుణె ఆయన డబ్బు మాత్రం ఈ రోజే పంపండి.