అడుగిడు, అడుగిడదు

సందేహం: పోతన ‘అడిగెద నని’ పద్యంలో ‘అడుగిడు’ మూడుసార్లు వచ్చింది. పునరుక్తి దోషం కాదా? లేక యమకమా? ఇందులో ధ్వని అర్థానికి ఎలా తోడ్పడుతోంది?

సమాధానం: చెవికి వినబడేది శబ్దం. అలంకారశాస్త్రంలో ధ్వని అంటే స్ఫురించే అర్థం. ఈమధ్య పీఠికల్లో సైతం రెంటినీ కలిపేసి ఒక మంచి మాటను మొద్దుబారుస్తున్నారు. మీరైనా శబ్దమనండి.

ఇక పద్యం. భాగవతం, అష్టమ స్కంధం. గజేంద్రుడి మొర విన్న విష్ణువు సిరికి చెప్పకుండా, ఆమె పైటకొంగైనా వదలకుండా బయల్దేరాడు. లక్ష్మి అవస్థ ఇది:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁ డని నడ యుడుగున్
వెడవెడ చిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

అడుగుతానని గబగబా నడుస్తుంది; అడిగినా మారు పలకడని నడక ఆపేస్తుంది; తొట్రుపాటుతో తడబడుతూ అడుగు వేస్తుంది, అడుగు వేసే చోట జడత్వంతో వేయలేకపోతుంది.

ఇది కందపద్యం. కందానికి 64 మాత్రలు. ఇక్కడ ఒక మాత్ర పలికే లఘువులు 60, రెండు మాత్రలు పలికే గురువులు రెండే. ఈ 62 అక్షరాల్లో డకారం 23 చోట్ల ఉంది. లఘువులు పరుగెత్తిస్తాయి, డకారం కాలికి అడ్డం పడుతుంది. మొదటి గురువు ఎక్కడ వచ్చిందో చూడండి: ‘ఉడుగున్’. నడక ఆగిందన్న మాట దగ్గరే నాలుకా ఆగుతుంది.

నాలుగో పాదాన్ని గణాలుగా విడదీయండి: నడుగిడు – నడుగిడ – దుజడిమ – నడుగిడు – నెడలన్. రెండో గణం వినగానే ఇంకో అడుగు పడిందనుకుంటాం. ‘దు’ మూడో గణంలోకి జారింది. అది వినబడ్డాకే పడలేదని తెలుస్తుంది. మొదటిది క్రియ, రెండోది దానికి వ్యతిరేకం, యతిస్థానంలో కూర్చున్న మూడోది ‘ఎడ’కు విశేషణం. ముమ్మారు ఒకే పని చేయని మాటను పునరుక్తి అనకూడదు. నా మట్టుకు నాకు తెలుగులో ఇంతకంటే చక్కని నడక కనబడలేదు.

పద్యంలో సంస్కృతపదం ‘జడిమ’ ఒక్కటే. అందులోనూ డకారమే! ‘వెడవెడ’ అంటే కొద్దికొద్దిగా, ‘చిడిముడి’ తొట్రుపాటు.

అలంకారం వృత్త్యనుప్రాస, అంటే ఒకే హల్లు పలుమార్లు రావడం; అందులో సందేహం లేదు. యమకమని మాత్రం గట్టిగా చెప్పలేను. ప్రశ్నించే ‘అడుగు’, పాదమనే ‘అడుగు’ పద్యమంతా ఎదురెదురుగా ఉన్నాయి నిజమే. కానీ యమకానికి అచ్చులతో సహా అదే అక్షరసముదాయం వేరే అర్థంతో తిరిగి రావాలి. ‘అడిగి’, ‘అడుగి’ అచ్చు దగ్గర విడిపోయాయి. యమకచ్ఛాయ అంటే ఒప్పుకుంటాను.

చదివేటప్పుడు రాగం తీసి ‘అడిగెదా ననీ’ అని సాగదీయకండి. లఘువులు గురువులైపోయి పరుగు చచ్చిపోతుంది. ‘ఉడుగున్’ దాకా ఒకే ఊపిరిలో చదివి, అక్కడ ఆగి, మూడో పాదం ఎత్తుకోండి.