చెల్లె పిలవని పెళ్లిరోజు

*నాకు 51 ఏళ్లు. మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా, నేను ఇంట్లో బట్టలు కుడతాను. మొన్న చిట్టీ పైసలు రాగానే హైదరాబాద్ పోయి ఒక పెద్ద హోటల్‌లో ఒక్కదాన్నే భోజనం చేశాను. మా చెల్లె వాళ్ల ఇరవై ఐదో పెళ్లిరోజు అక్కడే చేసుకున్నారు, మంచిగుంటదని విన్నాను. పుట్టపాక చీర కట్టుకుని పోతే ‘ఒక్కరేనా మేడం’ అంటూ వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టారు. సూప్ చల్లారిపోయి వచ్చింది. ఇంత పెద్ద ప్లేటులో రెండు మటన్ ముక్కలు, చుట్టూ చుక్కలు పెట్టినట్టు గోంగూర. సర్వీస్ ఛార్జీతో కలిపి 4,760 రూపాయలు. కడుపు నిండలేదు. తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. ‘నీ చెల్లె మొగుడికి లక్షన్నర బాకీ పెట్టుకుని హోటళ్లా’ అని మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ లేదు కాబట్టి చెల్లెకు నేనే ఒడిబియ్యం పోస్తాను. వచ్చే నెల పోయాలి, ఆమెకు పెట్టే చీర కోసం దాచిన పైసలే ఇవి. హోటల్ మీద కేసు వేయొచ్చా? ఒక్కదాన్నే పోవడం తప్పా?*

ముందు హోటల్ సంగతి తేల్చేద్దాం. సర్వీస్ ఛార్జీని వాళ్లంతట వాళ్లు బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది కూడా. బిల్లు దాచి ఉంటే 1915కు ఫోన్ చేయండి, ఆ సర్వీస్ ఛార్జీ తిరిగి రావచ్చు. చల్లారిన సూప్‌ను మాత్రం అక్కడే వెనక్కి పంపాల్సింది. రుచి నచ్చలేదని ఇంటికొచ్చాక వేసే కేసు నిలవదు. ఇక ఒక్కదాన్నే పోవడం తప్పా అన్న ప్రశ్న నన్నే కాదు, ఎవరినీ అడగకండి. ఇన్నేళ్లూ అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తిన్న మనిషి, ఒక పూట ఎవరో వడ్డిస్తే తినాలనుకోవడానికి పర్మిషన్ దేనికి?

కానీ అమ్మా, మీరు అక్కడికి తినడానికి పోలేదు. హైదరాబాద్‌లో హోటళ్లకు కరువా? అంతసేపు బస్సులో కూర్చుని సరిగ్గా అక్కడికే ఎందుకు పోయారు? ‘మంచిగుంటదని విన్నాను’ అని రాశారు. చెల్లె చెప్పిందని రాయలేదు. ఆ పెళ్లిరోజుకు మీరు వెళ్లినట్టూ రాయలేదు. బహుశా ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో చూసుంటారు. ‘నన్ను పిలవడానికి నామోషీ అయ్యేంతగా అక్కడేముందో చూద్దాం’ అని మంచి చీర కట్టుకుని బయల్దేరారు. అలాంటి మనసుతో కూర్చున్నాక ఎంత గొప్ప వంటవాడు వండినా ముద్ద దిగదు.

తల్లి లేని పిల్లకు ఒడిబియ్యం పోస్తున్నారంటే ఆమెకు తల్లిగారిల్లు మీదే. తల్లిగారింటిని పక్కనపెట్టి ఇరవై ఐదో పెళ్లిరోజు చేసుకోవడం మీ చెల్లె చేసిన తప్పే, ఇందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ లక్షన్నర సంగతి మీరు మీ ఆయన తిట్టులో భాగంగా రాసి వదిలేశారు. అప్పిచ్చిన వాళ్లకూ మొహమాటం ఉంటుంది. పిలిస్తే తోడల్లుళ్లు ఇద్దరూ ఎదురుపడాలి, నలుగురిలో ఎవరో ఒకరు నోరు జారుతారు. ఆ టెన్షన్ ఎందుకని ఊరుకుందో, నిజంగానే హోదా చూసుకుందో, అది ఆమె నోటితోనే వినాలి.

కాబట్టి ఒడిబియ్యం ముహూర్తం అడగడానికి ఫోన్ చేసేకంటే ముందే ఇంకో ఫోన్ చేయండి. ‘నీ పెళ్లిరోజుకు నన్ను పిలవలేదు, నాకు చాలా బాధైంది’ అనండి. అక్కడితో ఆపండి. చిన్నప్పటి నుంచీ ఏమేం చేశారో ఆ చిట్టా విప్పకండి, విప్పితే ఆమె బాకీ చిట్టా విప్పుతుంది. వేరేవాళ్లతో చెప్పించడాలు, మేనత్తల దగ్గర వెళ్లబోసుకోవడాలు అసలే వద్దు.

ఆమె జవాబు ఎలా ఉన్నా ఒడిబియ్యం మానకండి. అది మీ అమ్మ తరఫున చేస్తున్న పని, కోపతాపాలకు దానితో సంబంధం లేదు. కాకపోతే ఆమెనే మిర్యాలగూడ రమ్మనండి. బియ్యం, కుడుకలు మూట కట్టుకుని మీరు హైదరాబాద్ మోసుకుపోవద్దు. తల్లిగారింటికి ఆడపిల్ల రావాలి గానీ, తల్లిగారిల్లు ఆమె గడపకు పోదు. చీర కాస్త తక్కువలోదైనా పర్వాలేదు. రవిక మాత్రం మీ మిషన్ మీద మీరే కుట్టండి, ఆమె కొలతలు మీకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

బాకీని మగవాళ్ల వ్యవహారమని వదిలేయకండి. ఈ వారమే మీ ఆయనతో కూర్చోండి. ఆయన జీతంలోంచి కొంత, మీ కుట్టు డబ్బులోంచి కొంత కలిపి నెలకు మూడు వేలైనా కట్టేలా చూడండి. నాలుగేళ్లు దాటినా సరే. మొదటి మూడు వేలు ఒడిబియ్యం రోజున అందరి ముందూ చేతిలో పెట్టొద్దు. ఆమె వచ్చేలోపే మరిది ఖాతాలో వేసేయండి.