సైన్యంలో ఉండగా చనిపోయిన స్నేహితుణ్ణి ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఆర్మీలో ఉన్న మీ స్నేహితుడు పోయి ఏడాదైందని, అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారని, వాడి కోసం మీరేం చేయాలో తోచడం లేదని అడిగారు. నాకు తెలిసింది చెబుతాను.

నా స్నేహితుడు కూడా ఆర్మీలో ఉండగానే పోయాడు. మావాడిది శ్రీకాకుళం జిల్లా, మా పక్క వీధే. ఇంటర్ అవ్వగానే రిక్రూట్‌మెంట్ ర్యాలీకి తయారయ్యాడు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెడితేనే పూర్తి మార్కులు. చీకటి ఉండగానే లేచి కాలువ గట్టు మీద వాడు పరిగెత్తేవాడు, నేను వాచీ పట్టుకుని నిలబడేవాణ్ణి. సెలెక్టయ్యాడు, తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యాడు. చివరికి హిమాలయాల్లోని సియాచిన్‌లో మంచుచరియ కింద పడి చనిపోయాడు.

"యుద్ధంలోనా?" అని ఇప్పటికీ అడుగుతారు. కాదంటే కొందరు "ఓహో" అని ఊరుకుంటారు. నాకు కడుపు రగిలిపోతుంది. 1984 నుంచి మన సైన్యం అక్కడ కాపలా కాస్తోంది. 2003 చివర్లో పాకిస్తాన్‌తో కాల్పులు ఆగాక కూడా జవాన్లు పోతూనే ఉన్నారు. మంచు, చలి, ఆక్సిజన్ అందకపోవడం, ఇవే ప్రాణాలు తీస్తున్నాయి. 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి పదిమంది పోయారు, అందులో కర్నూలు జిల్లా జవాను ఒకరు. వీళ్లంతా డ్యూటీలోనే పోయారు. అడిగిన ప్రతివాళ్లకీ ఇదంతా ఓపిగ్గా చెబుతాను.

అంత్యక్రియలకి ఊరు ఊరంతా కదిలింది. గౌరవ వందనం అయ్యాక జెండా మడిచి వాళ్లమ్మ చేతుల్లో పెట్టారు. కొన్నాళ్లకి ఫ్లెక్సీలు చిరిగిపోయాయి, రాకపోకలు తగ్గాయి. ఆ తర్వాత యూనిట్ నుంచి ఒక జవాను వాడి ట్రంకు పెట్టె తెచ్చాడు. బట్టలు, షేవింగ్ సామాను, అడుగున ఒక ఆవకాయ సీసా. నూనె కారకుండా మూతకి కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. పిన్ని మూత తీసి వాసన చూసి, "ఇది నేను పెట్టింది కాదు నాయనా, ఇందులో వెల్లుల్లి ఉంది" అంది. వాళ్లమ్మని నేను పిన్నీ అనే పిలుస్తాను. ఆ జవాను చెప్పాడు: గుంటూరు కుర్రాడొకడు ఉన్నాడట, వీళ్లిద్దరూ ఇంటి నుంచి వచ్చిన సీసాలు మార్చుకునేవారట.

పిన్ని ఏడుస్తూనే నవ్వింది. తన కొడుకు గురించి తనకి తెలియనివి ఇంకా ఉన్నాయని ఆవిడకి అప్పుడే తట్టింది. అప్పటి నుంచీ నన్ను కూర్చోబెట్టి అడుగుతుంది. పరుగయ్యాక ఏం తినేవాడు? ఎవరితో గొడవ పడ్డాడు? ఏ పిల్లనైనా ఇష్టపడ్డాడా? చెప్పినవే మళ్లీ చెప్పించుకుంటుంది. వాడి పరాక్రమం గురించి అందరూ చెప్పారు, వాడి అల్లరి చెప్పడానికి నేనే ఉన్నాను.

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకానికి కూడా పిన్నిని తీసుకెళ్లాను. అందులో త్యాగచక్ర అనే చోట గ్రానైట్ రాళ్ల మీద అమరుల పేర్లు చెక్కారు. వాడి పేరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. వీలైతే మీరూ తీసుకెళ్లండి. కానీ అంతకన్నా ముందు వాళ్లింటికి వెళ్లండి. వర్ధంతికీ, ఆగస్టు 15కీ ఎలాగూ ఎవరో ఒకరు వస్తారు. మీరు ఏ విశేషమూ లేని రోజున వెళ్లండి. దూరంలో ఉంటే ఫోన్ చేసి "భోజనం చేశారా" అని మొదలుపెట్టండి, మిగతాది వాళ్లే అడుగుతారు.