డేటా ఎంట్రీ పని చేస్తే జరిమానా కట్టమంటున్నారా? ఆగండి

"పది రోజులు టైప్ చేసి ఇచ్చాను. తప్పులు ఎక్కువయ్యాయని రూ.6,500 కట్టమంటున్నారు, లేదంటే కేసట. యూపీఐ ఐడీతో కోర్టు నోటీసు కూడా వాట్సాప్‌లో పంపారు. వాళ్లకు ఆధార్ కాపీ కూడా ఇచ్చాను" అని రాశారు కదండీ. ఒక్క రూపాయి కూడా కట్టకండి. కడితే రేపు ఇంకో ఛార్జీ పుట్టుకొస్తుంది. మా తోడికోడలు రెండుసార్లు కట్టింది, మూడోది కూడా అడిగారు.

కిటుకు అంతా పనిలోనే ఉంది. కళ్లు పొడుచుకున్నా కనబడని స్కాన్ పేజీలు, ఊపిరాడని గడువు, 90 శాతానికి పైగా తప్పుల్లేకుండా ఉండాలని షరతు. ఎంత బాగా చేసినా ఫెయిలే. మీ టైపింగ్ వాళ్లకు అక్కర్లేదు, రాబడంతా జరిమానాలోనే.

ఇక వాట్సాప్‌లో వచ్చిన ‘కోర్టు నోటీసు’. కోర్టు సమన్లలో యూపీఐ ఐడీ ఎక్కడైనా ఉంటుందా! అందులో కేసు నంబరుంటే కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ ఈ-కోర్ట్స్ సైటులో వెతికి చూడండి.

చాట్లు, అగ్రిమెంటు, ఆ నోటీసు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచాకే బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇప్పటికే పోయుంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఆధార్ కాపీ ఇచ్చారు కాబట్టి బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్ర, కనుపాపతో ఆధార్‌ను ఎవరూ వాడకుండా ఆపేది) చేసుకోండి.

ఈసారి పని వెతికేటప్పుడు ఇంటర్వ్యూ లేకుండా, మీ పని నమూనా చూడకుండా "సెలెక్టయ్యారు" అన్నారా, అక్కడే వదిలేయండి. టెలిగ్రామ్‌లో లైకులు కొడితే డబ్బులన్నది ఇంకా ప్రమాదం: మొదట ఓ 150 నిజంగానే వేస్తారు, తర్వాత వేలల్లో మీ చేతే కట్టిస్తారు.