క్రిస్మస్ పాటల బాధ్యత నీకిచ్చారట తల్లీ

చిరంజీవి అయిన నా చిట్టి తల్లికి పెద్దమ్మ రాసేది. ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ ఏడు క్రిస్మస్ పాటలు, పిల్లల నాటిక, క్యారల్ రౌండ్స్ అన్నీ సంఘ పెద్దలు నీ చేతిలో పెట్టారట. ఆ టెన్షన్‌తో నువ్వు సరిగా తినడం లేదని కూడా చెప్పింది. ముందు అన్నం తిను. నలభై ఏళ్లు ఆ పని చేసినదాన్ని, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఈసారి పండుగ మంచి సంతోషంగా జరగాలి, కొత్తగా ఏం పెట్టమంటావు పెద్దమ్మా అని అడిగావట. నేనూ ఒక ఏడు అలాగే అనుకున్నాను. ఒంగోలు నుంచి పెద్ద సౌండ్ బాక్సులు తెప్పించాను. కీబోర్డుకి ఒకణ్ణి, ప్యాడ్స్‌కి ఒకణ్ణి డబ్బిచ్చి పిలిపించాం. ఎనిమిది మంది పిల్లలకు మైకులిచ్చి ముందు నిలబెట్టాను. మందిరం దద్దరిల్లిపోయింది. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "పాటలు బాగా విన్నామమ్మా ఈసారి" అంది. ముప్పై క్రిస్మస్‌లు నా పక్కన నిలబడి గొంతెత్తి పాడిన మనిషి "విన్నాం" అంది. ఆమె మెచ్చుకుంటూనే అంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పండుగ నాడు ఆమె పాటను ఆమె దగ్గర నుంచి నేనే లాక్కున్నానని అర్థమైంది.

అందుకని కొత్త పాటలు వద్దనడం లేదు, పెట్టు. రెండు చాలు. వాటిని నవంబరు చివరి నుంచే, పండుగకు ముందు మూడు ఆదివారాలు, సంఘమంతటితో పాడించు. పల్లవి రెండుసార్లు నువ్వొక్కదానివే పాడి, తర్వాత వాళ్లను అందుకోమను. చదువు వచ్చినవాళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో మా పెద్దలు చరణం ముందు చెప్పి పాడించేవారు. పుస్తకం లేకుండా, కళ్లజోడు లేకుండా మందిరమంతా పాడేది. స్క్రీను పెడతామంటే పెట్టండి, కానీ చరణం చెప్పడం మానకు. వెనక వరుసలో చూపు ఆనని వాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి వెనక్కి వెళ్లి చూడు.

శ్రుతి సంగతి మరీ ముఖ్యం. కీబోర్డు అబ్బాయి తన గొంతుకో, నీ గొంతుకో సరిపోయేలా శ్రుతి పెడతాడు. మీవి పాతికేళ్ల గొంతులు. అరవై దాటిన ఆడవాళ్లకు పై చరణం అందదు, నోరు మూసుకుంటారు, ఎవరికీ చెప్పరు. ప్రాక్టీసుకు ఇద్దరు పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెట్టుకో. వాళ్లకు అందినదాన్నే శ్రుతిగా ఖాయం చెయ్యి. డోలక్ వాయించేవాడు ఉత్సాహంలో వేగం పెంచుకుంటూ పోతాడు, చివరి చరణానికి జనానికి ఊపిరి అందదు. తాళాలు నిదానస్తుల చేతికియ్యి.

పాత కీర్తనలా, కొత్త పాటలా అని మీ దగ్గర గొడవ నడుస్తోందని విన్నాను. ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం చదువు. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు యెరూషలేములో మందిరానికి పునాది వేసిన రోజు అది. మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు, మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది కేకో ఎవరికీ తెలియలేదు, ఆ ధ్వని మాత్రం చాలా దూరం వినిపించింది. ఏడ్చేవాళ్లను ఎవరూ బయటకు పంపలేదు. అలాగే ఒక పాత కీర్తన వచ్చినప్పుడు ఎవరైనా కళ్లు తుడుచుకుంటే, నువ్వు మైకు పట్టుకుని "అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టండి" అనకు. ఈమధ్య కొన్ని చోట్ల చూస్తున్నాను, "చప్పట్లు సరిపోలేదు, ఇంకా గట్టిగా" అని జనాన్ని అదిలిస్తున్నారు. నాకది అస్సలు నచ్చదు. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో కాళ్లకు బొండ వేసి ఉండగా మధ్యరాత్రి పాడారు. వాళ్లను ఎవరూ అదిలించలేదు, తోటి ఖైదీలు వింటూ ఉన్నారు. ఆ ఊరి సంఘానికే తర్వాత పౌలు సంకెళ్లలో ఉండి రాశాడు, "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని. ఆ మాట రాసిన చేతులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటే, దాన్ని జనం మీద ఎలా పలకాలో తెలుస్తుంది.

నేను పండుగ అంటే ఏమిటో నేర్చుకున్నది నెహెమ్యా 8వ అధ్యాయం దగ్గర. ధర్మశాస్త్రం చదువుతుంటే విని జనం ఏడుస్తారు. అప్పుడు నెహెమ్యా, ఎజ్రా వాళ్లతో ఏడవకండి, వెళ్లి మంచి భోజనం చెయ్యండి, తీపి తాగండి అని చెప్పి, వెంటనే ఇంకో మాట అంటారు: తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోనివాళ్లకు వంతులు, అంటే భోజనంలో వాటాలు, పంపించండి అని. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు" అన్న మాటను మనం క్యాలెండర్ల మీద వేసుకుంటాం. దాని ముందున్న వంతుల మాటను వదిలేస్తాం. నువ్వు వదలకు. ఏ పని మొదలుపెట్టినా ఇందులో ఎవరి వంతు ఎగిరిపోతోంది అని ఒక్కసారి ఆలోచించు.

పిల్లల నాటికే చూడు. దేవదూతకు కొత్త తెల్ల గౌను, మెరుపు రెక్కలు కావాలి. గొర్రెల కాపరికి ఇంట్లో పాత దుప్పటి చాలు. గౌను కుట్టించుకోగలిగిన ఇంటి పిల్లలు ప్రతి ఏడూ దూతలు, కూలి పనికి వెళ్లేవాళ్ల పిల్లలు ప్రతి ఏడూ కాపరులు. నేనిది చాలా ఏళ్లు గమనించనే లేదు. ఒక చిన్నపిల్ల వచ్చి "టీచర్, నేను ఎప్పుడు దూత అవుతాను?" అని అడిగేదాకా నా కళ్లు తెరుచుకోలేదు. "ప్రజలందరికిని కలుగబోవు మహా సంతోషకరమైన సువర్తమానము" అని దూత చెప్పే మాటను ఆ పిల్ల ఎప్పుడూ పలకలేదన్నమాట. ఆ తర్వాత తెల్ల తాను ఒకటి కొని, స్త్రీల సమాజం వాళ్లతో పన్నెండు గౌన్లు కుట్టించాను. వేషాలు చీటీలు తీసి ఇచ్చాం. ఆ పిల్ల గొంతు ఆ ఏడు మందిరం వెనక గోడ దాకా వినిపించింది.

స్టార్ పట్టుకుని ఇళ్లకు వెళ్లే సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. మీ పెదనాన్న పోయింది నవంబరులో. ఆ డిసెంబరులో క్యారల్స్ వాళ్లు మా వీధి మొదట్లోనే డప్పులు ఆపేశారు. మా ఇంటి ముందు నుంచి చప్పుడు చేయకుండా, మెల్లగా నడిచి వెళ్లిపోయారు. గౌరవం కొద్దీ చేశారు, నాకు తెలుసు. నేను తలుపు వెనక దీపం పెట్టుకుని కూర్చున్నాను. నక్షత్రం వెలుగు కిటికీ మీద పడి దాటిపోయింది. ఆ ఏడు ఎవరికైనా ఆ పాట అవసరం ఉందంటే అది నాకే. కాబట్టి చావు జరిగిన ఇంటిని, జబ్బు మనిషి ఉన్న ఇంటిని దాటిపోకండి. ముందు రోజు నువ్వే వెళ్లి అడుగు. రమ్మంటే డప్పులు బయట ఉంచి, నలుగురే లోపలికి వెళ్లి, ఒక్క కీర్తన మెల్లగా పాడి, ప్రార్థన చేసి రండి. టీ ఇస్తే తాగండి, తొందరపడి లేవకండి. వద్దంటే గుమ్మం దగ్గర ఒక కొవ్వొత్తి పెట్టి రండి.

మన సంఘాలు పుట్టిందే అలాంటి రోజుల్లో. 1876 నుంచి 1878 దాకా కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని ఆ కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారట. ఆ నీళ్లలోకి దిగినవాళ్లలో అయినవాళ్లను కరువుకు పోగొట్టుకోని ఇల్లు ఎన్ని ఉంటాయి? సౌండ్ బాక్సులు లేవు, స్టేజీ లేదు. ఈ సంగతి యూత్‌కు చెప్పు, ప్రాక్టీసు మధ్యలో టీ తాగేటప్పుడు. ఉపన్యాసంలా వద్దు.

చిన్న విషయాలు కొన్ని. రాత్రి 10 దాటాక మైకు వాడకండి, నిబంధన అలా ఉంది, పైగా పక్క వీధుల్లో పసిపిల్లలూ, పొద్దున్నే పనికి పోయేవాళ్లూ ఉంటారు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదవకండి. పది రూపాయలు ఇచ్చిన ముసలమ్మ తల దించుకోవడం నేను చూశాను. ప్రేమ విందులో వడ్డించేవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు ముందే తీసి పక్కన పెట్టండి, లేకపోతే చివరికి వాళ్లకు పులుసే మిగులుతుంది. మందిరం ఊడ్చే ఆమెను ఆ ఒక్క పూటా కూర్చోబెట్టి వడ్డించు, నువ్వే వడ్డించు.

గౌన్ల పెట్టె మా ఇంట్లో అటక మీద ఉంది. మీ తమ్ముణ్ణి పంపితే ఇస్తాను. రెండింటికి చంకల కింద కుట్లు ఊడాయి, నీ దగ్గర మిషను ఉంది కదా, వేయించు. డిసెంబరు మొదటి ఆదివారం బస్సుకి వస్తున్నాను. నాకు ముందు కుర్చీ వేయకు. వెనక ముసలివాళ్ల మధ్య కూర్చుంటాను. నీ శ్రుతి మాకు అందుతోందో లేదో ఆరాధన అయ్యాక చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ