లూపులు రాస్తే వెనకబడినట్టా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె, మడ్డువలస ఆయకట్టు కింద వ్యవసాయం. మా అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. రిజర్వాయర్ నీటి లెక్క మీద పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రాజెక్టు చేశాడు. అది చూసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ‘అన్నీ ఫర్ లూపులే, ఇప్పుడెవరు రాస్తారిలా? నంపైలో వెక్టరైజ్ చెయ్యాలి’ అన్నాడు. నలుగురిలో పరువు పోయినట్టయి మా అబ్బాయిని గట్టిగా తిట్టాను. కాలేజీ ఆపించి డేటా సైన్స్ కోర్సులో చేర్చమంటారా? లూపులు మంచివా, వెక్టరైజేషనా?

జవాబు: కాలేజీ ఆపించకండి. పిల్లాడు వెనకబడ్డాడని మీ టెన్షన్. వెనకబడలేదండి. ఊళ్లో నీటి సమస్యను పట్టుకుని లెక్కగా మార్చాడు, అది అందరికీ వచ్చే పని కాదు. దానికి మెచ్చుకోవాల్సింది పోయి బంధువుల ముందు తిట్టారు. అది తప్పు. ముందు వాడితో మాట్లాడండి.

ఇక లూపుల సంగతి. లూపంటే ఒకే లెక్కని ఒక్కో సంఖ్య మీదా వరసగా తిప్పి చేయించడం. వెక్టరైజ్ చెయ్యడమంటే సంఖ్యల వరస మొత్తానికీ ఆ లెక్క ఒకేసారి చెప్పడం, నంపై అందుకు వాడే పైథాన్ లైబ్రరీ. పైథాన్ లూపు ప్రతి సంఖ్య దగ్గరా ఆగి, అది ఏ రకం సంఖ్యో చూసుకుని అప్పుడు లెక్క చేస్తుంది. అందుకే నెమ్మది. నంపై అరేలో, అంటే సంఖ్యల వరసలో, సాధారణంగా సంఖ్యలన్నీ ఒకే రకం, అందుకని ఆ తనిఖీ ఒక్కసారి చాలు. మిగతా పని లోపల సీ భాషలో రాసిన లూపే చేస్తుంది. వర్షపాతాన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్లలోకి మార్చడానికి అరేని పదితో భాగిస్తే అయిపోతుంది, లూపు అక్కర్లేదు. నీటి నిల్వ అలా కాదు. ఇవాళ్టి నిల్వ నిన్నటి దాని మీద ఆధారపడుతుంది, నిండితే గేట్లు ఎత్తేస్తారు. ఉత్తి కూడికతో తేలదు కాబట్టి అక్కడ లూపే సరైనది. ఏడాదికి 365 అంకెలే, రెప్పపాటులో తిరిగేస్తుంది. అంకెలు కోట్లలోకి వెళ్తే, పైథాన్ లూపుల వేగం పెంచే నంబా అనే లైబ్రరీ వాడుకోవచ్చు. వెక్టరైజ్ చేసినా ఖర్చుంది: కోటి దశాంశ సంఖ్యల అరేకి 80 ఎంబీ మెమరీ కావాలి, మధ్యలో పుట్టే ప్రతి అరేకీ మళ్లీ అంతే.

ఆ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. కొన్ని నెలల్లో డేటా సైంటిస్టుని చేస్తామనే చోట ఒక్క లైన్ కోడ్ చిట్కాలు వస్తాయి గానీ, ఎప్పుడు ఏది వాడాలో రాదు. నంపైలో ‘వెక్టరైజ్’ అనే ఫంక్షనే ఉంది. లోపల అది చేసేది లూపే, సౌకర్యం కోసమే తప్ప వేగం కోసం కాదు. ఈ సంగతి నంపై డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, ఉచితంగా చదువుకోవచ్చు. దానికి కాలేజీ వదలాలా?

లీనియర్ ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ శ్రద్ధగా చదవమనండి. ప్రాజెక్టులో వర్షపాతం భాగం వరకు నంపైలో తిరగరాసి, రెండింటి జవాబులూ ఒకటేనా, టైమ్ ఎంత తగ్గిందో చూడమనండి. మీరూ పక్కన కూర్చోండి. గేట్లు ఎప్పుడెత్తారో మీకు తెలుసు, లెక్కలో తేడా ఉంటే వాడికి మీరే చెప్పగలరు.